పుండు మానింది, ఇప్పుడు అరచేతుల్లో మచ్చలు, వీడీఆర్‌ఎల్ 1:32. భార్య గర్భవతి. ఏం చేయాలి?

మీరు రాసినదాన్ని క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మీకు 29 ఏళ్లు. మూడున్నర నెలల కిందట బయట ఒకసారి కండోమ్ లేకుండా కలిశారు. మూడు వారాలకు అంగం మీద నొప్పి లేని పుండు ఒకటి లేచింది. మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ 500 ఎంజీ మూడు మాత్రలు, ఒక ఆయింట్‌మెంట్ ఇచ్చారు, నెల తిరిగేలోపు మానిపోయింది. ఇప్పుడు అరచేతుల్లో, అరికాళ్లలో దురద లేని ఎర్రటి మచ్చలు, కాస్త జ్వరం, నీరసం. సిఫిలిస్ అనే సుఖవ్యాధిని పట్టే రక్త పరీక్షలు రెండు చేశారు: వీడీఆర్‌ఎల్ 1:32, టీపీహెచ్‌ఏ పాజిటివ్. దగ్గర్లోని డాక్టర్ పెనిసిలిన్ సూదికి భయపడి డాక్సీసైక్లిన్ రాశారు. భార్యకు అయిదో నెల, రెండో నెలలో ఆమెకు చేసిన టెస్టు నెగటివ్. ఆమెకు చెప్పకుండా నయం చేసుకునే దారి ఉందా అని మీ ప్రశ్న.

ముందు జవాబు. ఇది సిఫిలిస్, రెండో దశ. పూర్తిగా నయమవుతుంది. బెంజథిన్ పెనిసిలిన్ 24 లక్షల యూనిట్లు, కండకు, ఒకే ఒక్కసారి. మీ ఆవిడకు మాత్రం ఈ వారంలోనే పరీక్ష జరగాలి, ఆ రిపోర్టు ఎలా వచ్చినా అదే సూది ఆమెకూ పడాలి. రెండో నెల నాటి నెగటివ్ రిపోర్టుకు ఇప్పుడు విలువ లేదు, అది మీ పుండు లేవకముందు తీసిన రక్తం. ఆమెకు చెప్పకుండా ఇది కుదరదు. ఎందుకో కింద రాస్తాను.

పుండు మానింది మందు వల్ల కాదు. సిఫిలిస్ మొదటి పుండు ఏ మందూ వాడకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో తనంతట తానే మానుతుంది. ట్రెపొనిమా పాలిడమ్ అనే ఈ సూక్ష్మజీవి అప్పటికే రక్తంలోకి వెళ్లి ఉంటుంది. కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో ఒంటి మీద తేలుతుంది. అరచేతులు, అరికాళ్లలో మచ్చలు, గజ్జల్లో, మెడ దగ్గర నొప్పి లేని బిళ్లలు, నోట్లో తెల్లటి పొరలు, మర్మాంగాల దగ్గర తడిగా ఉండే చదునైన బొడిపెలు, జుట్టు అక్కడక్కడా ఊడటం. ఇవన్నీ ఒకరిలోనే రావాలని లేదు. చాలామంది మచ్చలు చూసి ఎలర్జీ అనుకుని సెట్రిజిన్ మింగుతారు. ఈ మచ్చలూ కొన్ని వారాలకు మందు లేకుండానే పోతాయి. అప్పుడు జబ్బు పోయిందనుకుంటే అది ఏళ్లపాటు నిశ్శబ్దంగా ఉండిపోతుంది, కొందరిలో తర్వాత గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళాన్ని, మెదడును, వెన్నుపామును దెబ్బతీస్తుంది.

షాపులో అజిత్రోమైసిన్ ఎందుకిచ్చారంటే, పుండు అనగానే చేతికొచ్చేది అదే. ప్రభుత్వ సుఖవ్యాధుల క్లినిక్‌లలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) వారి రంగు కిట్లు ఉంటాయి. హెర్పీస్ కాని పుండుకు ఇచ్చే తెల్ల కిట్టులో అజిత్రోమైసిన్ 1 గ్రాము కూడా ఉంటుంది, అయితే అది షాంక్రాయిడ్ అనే మరో పుండు కోసం. సిఫిలిస్ కోసం ఉన్నది ఆ కిట్టులోని పెనిసిలిన్ సూది. సగం కిట్టు షాపుదాకా వచ్చింది, అసలు సగం రాలేదు. పైగా అజిత్రోమైసిన్‌కు లొంగని ట్రెపొనిమా చాలా దేశాల్లో కనబడింది. పెనిసిలిన్‌ను సిఫిలిస్‌కు మొదటిసారి వాడింది 1943లో. ఇన్నేళ్లయినా దానికి ఈ సూక్ష్మజీవి మొండికేయలేదు.

మరి బెంజథినే ఎందుకు, అమాక్సిసిలిన్ మాత్రలు వారం రోజులు మింగితే చాలదా? చాలదు. ట్రెపొనిమా చాలా మెల్లగా పెరుగుతుంది, ఒకటి రెండు కావడానికి దాదాపు 30 గంటలు పడుతుంది. అది విభజన చెందేటప్పుడే పెనిసిలిన్ చంపగలదు. అందుకని రక్తంలో మందు తక్కువ మోతాదులోనైనా తెగకుండా చాలా రోజులుండాలి. బెంజథిన్ కండలో నిలవుండి రెండు మూడు వారాలు మెల్లమెల్లగా దిగుతుంది. వారం రోజుల మాత్రలతో అది జరగదు.

డాక్సీసైక్లిన్ తప్పా? మీ వరకు తప్పు కాదు. పెనిసిలిన్ నిజంగా పడనివారికి డాక్సీసైక్లిన్ 100 ఎంజీ రోజుకు రెండు చొప్పున 14 రోజులు ఇస్తాం. అయితే మీకు పెనిసిలిన్ పడదని ఎక్కడా రాయలేదు, డాక్టర్ భయపడ్డారని మాత్రమే రాశారు. ఆ రెండింటికీ తేడా ఉంది. రెండు వారాలు రోజుకు రెండు మాత్రలు ఒక్కటీ మానకుండా వేసుకునేవాళ్లు తక్కువ. మచ్చలు తగ్గగానే ఆపేస్తారు. మాత్రలు వాడుతున్నంత కాలం ఐరన్, గ్యాస్ మందు, క్యాల్షియం వాటితో కలిపి వేసుకుంటే మందు ఒంటికి పట్టదు, రెండు మూడు గంటల తేడా ఉండాలి. నిండు గ్లాసు నీళ్లతో మింగి, అరగంట పడుకోకూడదు, లేకపోతే మాత్ర అన్నవాహికలో ఇరుక్కుని పుండు పడుతుంది. సూది దొరికేదాకా ఆ మాత్రలు ఆపకండి. మీ ఆవిడకు మాత్రం అవి ఇవ్వకూడదు.

పెనిసిలిన్ భయం గురించి రెండు మాటలు. ప్రాణాంతకమైన ఎలర్జీ అరుదు, కానీ ఉంది, అందుకే కాంపౌండర్ చేత ఇంట్లో వేయించుకునే సూది కాదిది. రుమాటిక్ గుండె జబ్బున్న పిల్లలకు ఇదే బెంజథిన్‌ను మూడు వారాలకోసారి ఏళ్ల తరబడి ఇస్తుంటారు. గతంలో ఏదైనా పెనిసిలిన్ జాతి మందుకు ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరాడకపోవడం వచ్చాయా అని డాక్టర్ అడగాలి, మీరు నిజం చెప్పాలి. అమాక్సిసిలిన్ వేసుకున్నప్పుడు విరేచనాలయ్యాయి అన్నది ఎలర్జీ కాదు. టెస్ట్ డోసు చేయడం మన దగ్గర ఆనవాయితీ. అది నెగటివ్ వచ్చినంత మాత్రాన పూర్తి భరోసా లేదు. అడ్రినలిన్ ఇంజెక్షన్ పక్కన సిద్ధంగా ఉండటం, సూది తర్వాత మీరు అరగంట అక్కడే కూర్చోవడం, ఈ రెండే అసలు జాగ్రత్తలు.

సూది వేయించుకునేటప్పుడు చూసుకోవలసినవి. పెనిడ్యూర్ ఎల్ఏ 12 అంటే 12 లక్షల యూనిట్లు. మీకు అలాంటివి రెండు కావాలి, ఒక్కో తుంటికి ఒకటి. చీటీ మీద "బెంజథిన్" అనే మాట ఉండాలి. షాపులో అది లేక ప్రొకేన్ పెనిసిలిన్ గానీ, క్రిస్టలైన్ పెనిసిలిన్ గానీ చేతిలో పెడితే తీసుకోవద్దు. అవి కొన్ని గంటల్లోనో, ఒకరోజులోనో దిగిపోతాయి, ఒక్క డోసుతో సిఫిలిస్ పోదు. ఈ మందు పొడి రూపంలో వస్తుంది, నీళ్లు కలిపితే సుద్ద నీళ్లలా చిక్కగా ఉంటుంది, కాసేపు వదిలేస్తే అడుగున పేరుకుంటుంది. కలిపిన వెంటనే లావు సూదితో, ఆపకుండా, మెల్లగా ఎక్కించాలి. సన్న సూది పెడితే మధ్యలో అడ్డుపడి సగం మందు సిరంజిలో ఉండిపోతుంది, సగం డోసు పడి కూడా "వేశాం" అని రాస్తారు. ఇది నరానికి ఎప్పుడూ వేయకూడదు, గుండె ఆగిపోయే ప్రమాదం. నొప్పి గట్టిగానే ఉంటుంది, రెండు మూడు రోజులు కూర్చోవడం కష్టం. లిగ్నొకేన్‌తో కలిపి వేయడానికి మీ డాక్టర్ ఒప్పుకుంటే నొప్పి తగ్గుతుంది.

సూది పడ్డ రోజు రాత్రికి చలి జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు రావచ్చు, మచ్చలు ఇంకా ఎర్రబడవచ్చు. రెండో దశలో ఇది మామూలే. సూక్ష్మజీవులు ఒక్కసారిగా చచ్చినప్పుడు ఒళ్లు ఇచ్చే స్పందన, ఎలర్జీ కాదు. పారాసెటమాల్ చాలు, 24 గంటల్లో తగ్గుతుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే మనుషులు "పెనిసిలిన్ నాకు పడలేదు" అని జీవితాంతం చెప్పుకుంటూ తిరుగుతారు.

ఇక అసలు విషయం, మీ ఆవిడ.

మీకు పుండు ఉన్న రోజుల్లోనూ, ఇప్పుడు మచ్చలున్న రోజుల్లోనూ మీ దగ్గర్నుంచి జబ్బు అంటుకునే అవకాశం అన్ని దశల కంటే ఎక్కువ. ఆమెకు అంటి ఉంటే మాయ ద్వారా బిడ్డకు వెళ్తుంది. వైద్యం లేని గర్భిణుల్లో గర్భస్రావం, బిడ్డ కడుపులోనే చనిపోవడం, నెలలు నిండకుండా పుట్టడం, పుట్టుకతోనే సిఫిలిస్ ఉండటం, ఇవన్నీ చూస్తాం, అదీ జబ్బు కొత్తగా అంటినప్పుడే మరీ ఎక్కువగా. ఇప్పుడు అయిదో నెల అంటే ఇంకా మంచి సమయం ఉంది. ప్రసవానికి కనీసం 30 రోజుల ముందు సరైన డోసు పడితేనే తల్లికి వైద్యం సరిపోయిందని లెక్క, మీకు అంతకంటే చాలా ఎక్కువే ఉంది.

జరగవలసినవి ఇవి. ఆమెకు వీడీఆర్‌ఎల్, టీపీహెచ్‌ఏ రెండూ. అదే రోజు బెంజథిన్ 24 లక్షల యూనిట్లు, రిపోర్టు నెగటివ్ వచ్చినా సరే. గత 90 రోజుల్లో రెండో దశ రోగితో కలిసినవాళ్లకు జబ్బు అంటి కూడా రక్తంలో ఇంకా తేలకపోవచ్చు. పాజిటివ్ వస్తే వారం తర్వాత రెండో డోసు వేయాలా అన్నది ప్రసూతి డాక్టర్, సుఖవ్యాధుల డాక్టర్ మాట్లాడుకుని తేలుస్తారు. జబ్బు ఎప్పటిదో తెలియని పక్షంలో వారానికొకటి చొప్పున మూడు డోసులు. గర్భిణిలో రెండు డోసుల మధ్య 9 రోజులు దాటితే మొత్తం కోర్సు మళ్లీ మొదటి నుంచి. గర్భిణికి సిఫిలిస్‌లో పెనిసిలిన్‌కు ప్రత్యామ్నాయం లేదు. ఎలర్జీ ఉన్నా పెద్దాసుపత్రిలో చేర్చి, కొద్దికొద్దిగా అలవాటు చేసి మరీ ఇస్తారు. డాక్సీసైక్లిన్ బిడ్డ ఎముకలకు, పళ్లకు మంచిది కాదు, అజిత్రోమైసిన్ బిడ్డను కాపాడదు.

ఆమెకు సూది ఆసుపత్రిలోనే పడాలి, ఆ రాత్రి ఎవరో ఒకరు పక్కన ఉండాలి. పైన చెప్పిన చలి జ్వరంతో పాటు గర్భిణికి నొప్పులు రావచ్చు, బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపించవచ్చు. అలా అయితే వెంటనే చూపించాలి. అయిదో నెలలో ఎలాగూ బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ ఉంటుంది. పాజిటివ్ వస్తే ఆ సంగతి స్కాన్ చేసే డాక్టర్‌కు ముందే తెలియాలి. బిడ్డ కాలేయం పెరిగిందా, పొట్టలో నీరు చేరిందా, మాయ మందంగా ఉందా అని ప్రత్యేకంగా చూస్తారు. పుట్టిన తర్వాత బిడ్డ రక్తం కూడా పరీక్షించి తల్లి రిపోర్టుతో పోలుస్తారు. ఇవన్నీ ఆమె తల్లీబిడ్డల కార్డులోకి ఎక్కాలి. చెప్పకుండా కుదరదని అన్నది ఇందుకే.

ఎలా చెప్పాలి అంటే, చాలామంది "నీకు తెల్లబట్ట మందు" అనో "బలానికి సూది" అనో నడిపిద్దామని చూస్తారు. తర్వాత కాన్పు సమయంలో నర్సు కార్డు చదివి బయటపెడుతుంది, అది ఇంకా ఘోరం. బిడ్డ దగ్గర మొదలుపెట్టండి: నాకు ఒక ఇన్ఫెక్షన్ వచ్చింది, నీకూ బిడ్డకూ అంటి ఉండొచ్చు, ఒక సూదితో పోతుంది, రేపే వెళ్దాం. మిగతాది డాక్టర్ ముందు చెప్పుకోవచ్చు. జిల్లా ఆసుపత్రులు, బోధనాసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లో కౌన్సెలర్ ఉంటారు, దంపతులిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడటం వాళ్ల రోజువారీ పని. అక్కడ సూది, పరీక్షలు ఉచితం. ఎక్కడుందో తెలియకపోతే 1097కు ఫోన్ చేయండి, తెలుగులో చెబుతారు.

బయట కలిసిన వ్యక్తికి కూడా కబురు వెళ్లాలి. ఇష్టం లేకపోతే క్లినిక్ వాళ్లు ఇచ్చే కార్డు పంపినా చాలు.

రిపోర్టులోని అంకెలు ఎలా చదవాలి. ఇక్కడ అయ్యే గందరగోళం ఇంతా అంతా కాదు, కాబట్టి కొంచెం వివరంగా. టీపీహెచ్‌ఏ జబ్బు వచ్చిందా లేదా చెబుతుంది. ఒకసారి పాజిటివ్ అయితే నయమైనా చాలామందికి జీవితాంతం పాజిటివే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వేలి రక్తంతో చేసే సిఫిలిస్ కార్డు టెస్టూ ఇదే జాతి. కాబట్టి వైద్యం తర్వాత ఇవి మళ్లీ చేయించి "ఇంకా పోలేదు" అని బెంగపడకండి. జబ్బు తగ్గుతోందా లేదా చెప్పేది వీడీఆర్‌ఎల్ అంకె. 1:32 అంటే మీ రక్తరసాన్ని 32 రెట్లు పలచన చేసినా టెస్టు పలుకుతోందని. ఇది 1:16కి రావడం లెక్కలోకి రాదు, ల్యాబులో ఒక మెట్టు అటూ ఇటూ సహజం. రెండు మెట్లు, అంటే 1:8 లేదా అంతకంటే కిందికి రావాలి. దానికి ఆర్నెల్ల నుంచి ఏడాది పట్టవచ్చు.

సూది పడే రోజునే మళ్లీ ఒకసారి వీడీఆర్‌ఎల్ ఇవ్వండి. మీ 1:32 ఎన్నాళ్ల కిందటిదో, ఈలోగా అది 1:64 అయిందేమో తెలియదు. పోల్చవలసింది సూది రోజు అంకెతో. తర్వాత 3, 6, 12 నెలలకు, అదే ల్యాబులో, అదే టెస్టు. ఒకచోట వీడీఆర్‌ఎల్, మరోచోట అదే జాతి టెస్టయిన ఆర్‌పీఆర్ చేయించి అంకెలు పోల్చకూడదు, ఆర్‌పీఆర్ తరచూ కాస్త ఎక్కువ చూపిస్తుంది. కొందరికి 1:2 దగ్గరో, 1:4 దగ్గరో ఆగిపోయి ఎప్పటికీ నెగటివ్ కాదు, దానికి మళ్లీ మళ్లీ సూదులు అక్కర్లేదు. తగ్గిన అంకె మళ్లీ రెండు మెట్లు పెరిగితే మాత్రం కొత్తగా అంటిందనో, వైద్యం చాలలేదనో అర్థం. సిఫిలిస్ ఒకసారి వచ్చి తగ్గితే రక్షణ రాదు, ఎన్నిసార్లయినా వస్తుంది.

ఇది చదివే మిగతావాళ్ల కోసం: టీపీహెచ్‌ఏ నెగటివ్‌గా ఉండి వీడీఆర్‌ఎల్ మాత్రమే 1:2, 1:4 లాంటి చిన్న అంకెతో వస్తే సిఫిలిస్ కాకపోవచ్చు. గర్భం, వైరల్ జ్వరాలు, లూపస్, కుష్ఠు లాంటి వాటిలో అలా రావచ్చు. దీనికి తిరగబడ్డ తప్పూ ఒకటుంది. రెండో దశలో యాంటీబాడీలు మరీ ఎక్కువైపోయి, పలచన చేయకుండా చూస్తే వీడీఆర్‌ఎల్ నెగటివ్‌గా కనబడుతుంది. అరచేతుల్లో మచ్చలుండి నెగటివ్ వస్తే "పలచన చేసి మళ్లీ చూడండి" అని ల్యాబుకు చీటీ రాయించండి.

మీకు ఇంకా కావలసిన పరీక్షలు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి. సిఫిలిస్ పుండు ఉన్నప్పుడు హెచ్‌ఐవీ సులువుగా అంటుకుంటుంది. ఆ కలయిక జరిగి మూడు నెలలు దాటింది కాబట్టి ఇప్పుడు ప్రభుత్వ హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రంలో (ఐసీటీసీ) చేసే టెస్టు నెగటివ్ వస్తే ఆ సంఘటన వరకు అదే తుది మాట. మీ ఆవిడకూ హెచ్‌ఐవీ పరీక్ష మళ్లీ చేయించాలి. మీకు హెచ్‌ఐవీ పాజిటివ్ వస్తే సిఫిలిస్ సూది అదే, వీడీఆర్‌ఎల్ మాత్రం ఇంకా దగ్గర దగ్గరగా చూడాలి. హెపటైటిస్ బి నెగటివ్ అయితే టీకా 0, 1, 6 నెలలకు మూడు డోసులు వేయించుకోండి.

కలయిక ఇద్దరికీ సూది పడ్డాక కనీసం వారం పాటు వద్దు, మచ్చలు, నోటి పొరలు పూర్తిగా మానేదాకా వద్దు. కండోమ్ కప్పినంత మేరకే కాపాడుతుంది, బొడిపెలు వృషణాల మీదో, తొడ మొదట్లోనో ఉంటే లాభం లేదు. నోట్లో పొరలుంటే ముద్దు వల్లా అంటుతుంది. కంచం, బాత్రూమ్, బట్టల వల్ల అంటదు. ఇంట్లో అమ్మానాన్నలకు టెస్టులు చేయించనక్కర్లేదు. రక్తదానం చేయకండి.

ఇవి ఉంటే సాధారణ సూది చాలదు, అదే రోజు పెద్దాసుపత్రికి: చూపు మసకబారడం, కన్ను ఎర్రబడి వెలుగు చూడలేకపోవడం, చెవిలో హోరు, ఒక్కసారిగా వినికిడి తగ్గడం, తగ్గని తలనొప్పి, మూతి వంకర పోవడం, తూలడం. ట్రెపొనిమా కంటికి, చెవికి, మెదడుకు ఏ దశలోనైనా వెళ్లగలదు. అప్పుడు 10 నుంచి 14 రోజులు ఆసుపత్రిలో ఉంచి క్రిస్టలైన్ పెనిసిలిన్ నరానికి ఇస్తారు. మీరు రాసినదాంట్లో ఇవేవీ లేవు, కానీ డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పాలి.

గోడల మీద, బస్టాండుల్లో ప్రకటనలిచ్చే "రహస్య వ్యాధుల" వైద్యుల దగ్గరకు వెళ్లకండి. మచ్చలు ఎలాగూ వాటంతటవే పోతాయి కాబట్టి ఏ లేహ్యం ఇచ్చినా పనిచేసినట్టే కనబడుతుంది.

చివర్లో గల్ఫ్ వెళ్లే ఆలోచన ఉందని ఒక ముక్క రాశారు. అక్కడి మెడికల్‌లో సిఫిలిస్ పరీక్ష ఉంటుంది, పాజిటివ్ వచ్చినవాళ్లను అన్‌ఫిట్ అని పంపేస్తుంటారు. టీపీహెచ్‌ఏ మీకు ఇకపై పాజిటివ్‌గానే ఉండవచ్చని పైన చెప్పాను కదా. ఆసుపత్రి నుంచి సూది వేసిన తేదీ, మందు పేరు, యూనిట్లు, ఆ రోజు వీడీఆర్‌ఎల్ అంకె రాసిన కాగితం ముద్రతో తీసుకుని, తర్వాతి రిపోర్టులన్నీ దానికి జతచేసి ఉంచండి. అది చూపిస్తే తప్పక ఒప్పుకుంటారని మాట ఇవ్వలేను. మెడికల్‌కు వెళ్లడం ఎలాగూ అంకె రెండు మెట్లు దిగిన తర్వాతే పెట్టుకోండి, ఏజెంటుకు డబ్బు కట్టేది కూడా ఆ తర్వాతే.